38 డెసిబెల్స్ సరే, ఎన్నిసార్లు కొలిచారు?

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో అడుగున ఒక చిన్న వార్త వచ్చింది. రేడియోలో గరగర బాగా ఎక్కువైందని మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కొందరు మొరపెట్టుకుంటే, సిబ్బంది మీటరు పట్టుకొచ్చి కొలిచారట, 38 డెసిబెల్స్ వచ్చిందట, అది పరిమితి లోపలే కాబట్టి కంగారు పడాల్సింది ఏమీ లేదట. చివర్లో బల్బుల గురించి ఒక ధీమా వాక్యం, అంతే వార్త. పక్కన వేసిన ఫొటో మాత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కున్న లారీది, హారన్ మోతకి చెవులు మూసుకున్న మనిషిది. అది చూసి మా ఆవిడ ఒకటే నవ్వు. రేడియో నాయిస్ అంటే చెవికి వినపడే మోత కాదండీ. అది గాలిలో రేడియో తరంగాలుగా తిరిగే చెత్త, రిసీవర్‌లోకి దూరాకే మనకి గరగరగా వినిపిస్తుంది. మోత లెక్కలో అయితే 38 డెసిబెల్స్ అంటే రాత్రిపూట నిశ్శబ్దంగా ఉన్న గది. రేడియో లెక్కలో 38 అని ఊరికే రాస్తే దానికి అర్థమే లేదు, దేనితో పోలిస్తే 38 అన్నది కూడా రాయాలి. మైక్రోవోల్టుతోనా, మిల్లీవాట్‌తోనా, యాంటెనాకి ఎంత దూరంలో అన్నవి రాయలేదు. సరే, అది చిన్న విషయం, వదిలేద్దాం.

నేను ఉత్తరం రాస్తున్నది ఫొటో గురించీ కాదు, యూనిట్ల గురించీ కాదు. ఆ మొరపెట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి, సిబ్బంది కొలిచిన ఇల్లు మాదే. ముప్పై ఏళ్లు రేడియోలు, టీవీలు రిపేరు చేసి బతికినవాణ్ణి, ఇప్పుడు షాపు ఎత్తేసి భీమవరం దగ్గర మా తమ్ముడి రొయ్యల చెరువుల లెక్కలు చూసుకుంటున్నాను. రాత్రిపూట మీడియం వేవ్, షార్ట్ వేవ్ వినడం చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. 837 కిలోహెర్ట్జ్ మీద విజయవాడ స్టేషన్ ఎంత శుభ్రంగా వినపడేదో మా వయసు వాళ్లందరికీ తెలుసు. ఇప్పుడు కొన్ని వేళల్లో ఆ స్టేషన్ కింద బుర్ర్ర్ మని ఒకటే బుసబుస, కొన్ని వేళల్లో ఏమీ ఉండదు. ఆ "కొన్ని వేళల్లో" అన్న మాటలోనే ఉంది అసలు గొడవంతా.

వాళ్లు వచ్చింది పొద్దున పదకొండింటికి. ముందు రోజు రాత్రంతా వాన. వచ్చిన ఇద్దరు కుర్రాళ్లూ మర్యాదస్తులే, మీటరు కూడా మంచిది, నా దగ్గరున్న దానికంటే పదింతలు నయం. డాబా మీద యాంటెనా నిలబెట్టారు, పది నిమిషాలు చూశారు, ఒక అంకె రాసుకున్నారు, టీ తాగి వెళ్లారు. ఆ అంకె తప్పని నేను అనడం లేదు. ఆ పూట, ఆ పది నిమిషాల్లో, మా డాబా మీద నిజంగానే నాయిస్ అంతే ఉండొచ్చు. కానీ దాన్ని పట్టుకుని "మీ ఊళ్లో సమస్య లేదు" అనడం ఉందే, అక్కడే నాకు ఒళ్లు మండింది.

ఎందుకో చెప్తాను. కరెంటు లైన్ల నుంచి వచ్చే రేడియో నాయిస్ రెండు రకాలు. మన వీధుల్లో పోయే 11 కేవీ (కిలోవోల్టుల) లైన్ల దగ్గర ఎక్కువగా వచ్చేది నిప్పురవ్వల రకం. స్తంభం మీద ఎక్కడో ఒక నట్టు వదులవుతుంది, లేదా ఇన్సులేటర్‌కి కట్టిన తీగ సడలుతుంది, రెండు లోహపు ముక్కల మధ్య వెంట్రుకంత ఖాళీ వస్తుంది, ఆ ఖాళీలో రవ్వ దూకుతూ ఉంటుంది. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, ఒక్కో ఊపులో రెండుసార్లు శిఖరానికి చేరుతుంది, అందుకే రేడియోలో ఆ బుర్ర్ర్ సెకనుకి 100 దెబ్బలతో వినిపిస్తుంది. ఈ రకానికి పొడి వాతావరణం ఇష్టం. వాన పడి ఆ ఖాళీలోకి తడి చేరిందంటే రెండు ముక్కలూ కలిసిపోయినట్టే, రవ్వ ఆగిపోతుంది. రెండో రకం 220 కేవీ, 400 కేవీ పెద్ద టవర్ లైన్ల మీద వచ్చే కరోనా (జబ్బు కాదులెండి, తీగ చుట్టూ గాలి అయాన్లుగా విడిపోవడం). దానిది సరిగ్గా తిరగేసిన వ్యవహారం, తీగకి వాన చుక్కలు వేలాడితే పెరుగుతుంది, ఎండ కాస్తే తగ్గుతుంది. అంటే వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే వీధి లైను నాయిస్ కొలవడమంటే, దొంగ ఊరెళ్లిన రోజు చూసి కాపలా కాసినట్టు.

పైగా మా వీధి చివర లైను పొలాల వైపు పోతుంది. వ్యవసాయ ఫీడర్‌కి, అంటే పొలాలకి కరెంటు పంచే లైనుకి, కరెంటు ఇచ్చే వేళలు వేరు. ఫీడర్‌లో కరెంటే లేనప్పుడు దాని మీద రవ్వ ఎక్కడి నుంచి వస్తుంది? మా ఇంటి వెనక వరసలో చెరువుల మీద ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) తెల్లవార్లూ తిరుగుతాయి, నీళ్లలో ఆక్సిజన్ తగ్గేది ఆ వేళప్పుడే కాబట్టి. వాటి స్టార్టర్లలో కాంటాక్టులు ఎలా ఉంటాయో నాకు తెలుసు, బాగు చేసినవాణ్ణే. ఇవన్నీ కలిస్తే నాయిస్‌కి ఒక టైంటేబుల్ ఉంటుంది. ఆఫీసు టైంటేబుల్‌తో దానికి పొత్తు కుదరదు.

ఇప్పుడు లెక్కలోకి వస్తాను, భయపడకండి, పదో తరగతి లెక్కే. మా ఇంట్లో నాయిస్ రోజులో పదో వంతు సేపు, అంటే సుమారు రెండున్నర గంటలు మాత్రమే వస్తుందనుకోండి. రోజులో ఏదో ఒక వేళకి, చీటీ తీసినట్టు, ఒకసారి వచ్చి కొలిస్తే అది దొరికే అవకాశం పదిలో ఒకటి. దొరక్కపోయే అవకాశం 0.9. రెండుసార్లు వచ్చినా దొరక్కపోయే అవకాశం 0.9 ఇంటూ 0.9, అంటే 0.81. పదిసార్లు వచ్చినా ఇంకా 0.35, అంటే మూడింట ఒక వంతు పైనే తప్పించుకునే వీలుంది. ఇలా గుణిస్తూ పోతే 29వ సారికి అది 0.05 కంటే కిందికి దిగుతుంది. అంటే రోజుకి రెండున్నర గంటలు ఉండే నాయిస్‌ని కనీసం ఒక్కసారైనా పట్టుకుంటామని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే 29 కొలతలు కావాలి. అవి కూడా వేరువేరు రోజుల్లో, వేరువేరు వేళల్లో, ముందే అనుకున్న వేళలు కాకుండా తీసినవి కావాలి. 29 సార్లూ పదకొండింటికే వస్తే పదకొండు గంటల సంగతి మాత్రం దివ్యంగా తెలుస్తుంది.

ఒక్కసారి వచ్చి "లేదు" అన్నవాళ్ల నమ్మకం ఎంతో ఈ లెక్కలోనే ఉంది. నాయిస్ నిజంగా ఉన్నా పదిలో తొమ్మిదిసార్లు వాళ్ల మీటరు లేదనే చెప్తుంది.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలు కదా అంటారు. నిజమే, ఎందుకంటే కుండలో అన్ని మెతుకులూ ఒకే పొయ్యి మీద, ఒకే ఎసట్లో ఉడికాయి. మా వైపు రొయ్యల చెరువులో ఆ సామెత చెల్లదు. ఇక్కడ "శాంపిలింగ్" అన్న మాట కాలేజీ మెట్లెక్కని వాళ్లకి కూడా తెలుసు. విసురు వల వేసి, పడిన రొయ్యల్ని తూచి, కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు అంటారు. కౌంటు తగ్గే కొద్దీ రొయ్య పెద్దదన్నమాట, ధర పెరుగుతుంది. వల ఒక్క మూలే విసిరితే, అదీ మేత వేసే చోటే విసిరితే, పెద్దవి ఒక లెక్కన, చిన్నవి ఒక లెక్కన పడతాయి, చెరువు మొత్తం సంగతి తెలియదు. అందుకే నాలుగు మూలలా, మధ్యలో, వేరువేరు చోట్ల విసురుతారు. కొనేవాడు ఒక్క చోటే వల విసిరి కౌంటు కడతానంటే మా తమ్ముడు ఒప్పుకోడు. గట్టు మీద గొడవే. అలాంటిది పది నిమిషాలు చూసి ఊరి మొత్తానికి ఒక అంకె కట్టేస్తే మాత్రం మేం తల ఊపాలి.

నేనూ తప్పులు చేశాను, చెప్పుకోవాలి. కంప్యూటర్‌కి తగిలించుకునే చిన్న రిసీవర్ డాంగిల్ ఒకటి కొన్ని వేల రూపాయల్లో దొరుకుతుంది, మా అబ్బాయి తెచ్చిపెట్టాడు. మొదటి రోజు ఒక సెకనులో లక్షల శాంపిళ్లు తీసి, సగటు కట్టి, నా అంత కచ్చితంగా కొలిచినవాడు లేడని మురిసిపోయాను. రెండు చోట్ల బోల్తా పడ్డాను.

ఒకటి, శాంపిళ్లు లక్షలు ఉన్నా అన్నీ వేటికవి స్వతంత్రమైనవి కావు. 9 కిలోహెర్ట్జ్ వెడల్పు ఉన్న ఫిల్టర్ (మీడియం వేవ్, షార్ట్ వేవ్ నాయిస్ కొలతలకి అంతర్జాతీయంగా వాడే వెడల్పు అదే) గుండా ఒక సెకనులో వచ్చే కొత్త సమాచారం సుమారు 9000 శాంపిళ్ల మేర మాత్రమే. మిగతావి పక్కవాడి పేపర్ చూసి రాసినట్టు, ముందు శాంపిల్ చెప్పిందే మళ్లీ చెప్తాయి. అయినా 9000 తక్కువేం కాదు. మామూలు హిస్స్ లాంటి నాయిస్‌కి పొరపాటు శాంపిళ్ల సంఖ్య వర్గమూలం లెక్కన తగ్గుతుంది. ఒక్క శాంపిల్ పవర్ తీసుకుంటే అందులో ఉండే ఊగిసలాట దాని సగటుతో సమానం, అంటే నూటికి నూరు శాతం. 95 శాతం నమ్మకంతో ఒక డెసిబెల్ అటూ ఇటూగా చెప్పాలంటే 70 పైచిలుకు శాంపిళ్లు కావాలి, అర డెసిబెల్ కావాలంటే దానికి నాలుగింతలు. 9000 ఉంటే అదే నమ్మకంతో పొరపాటు డెసిబెల్‌లో పదో వంతు లోపలికి వస్తుంది. ఎంత అందంగా ఉందో చూడండి. కానీ ఆ అందమంతా ఆ ఒక్క సెకనుది. గంట తర్వాత అదే చోట అదే మీటరు ఇరవై డెసిబెల్స్ తేడా చూపించొచ్చు, అంటే పవర్‌లో వందరెట్లు. దశాంశ స్థానాలు చూసి మోసపోకూడదని అప్పుడు తెలిసింది. మీరు వేసే వార్తల్లో 38.4 అని ఉంటే 38 కంటే నమ్మకంగా కనపడుతుంది కదా, ఆ చుక్క తర్వాత అంకెకి ఆ శక్తి ఉంది.

రెండో బోల్తా ఇంకా సిగ్గుచేటు. డెసిబెల్స్‌లో ఉన్న రీడింగులన్నీ కూడి భాగించి సగటు అన్నాను. డెసిబెల్ అంటే లాగరిథమ్, లాగరిథమ్‌ల సగటు వేరు, సగటుకి లాగరిథమ్ వేరు. హిస్స్ లాంటి నాయిస్‌లో ఒక్కొక్క శాంపిల్‌ని డెసిబెల్స్‌లోకి మార్చి సగటు కడితే అసలు దానికంటే రెండున్నర డెసిబెల్స్ తక్కువ వస్తుంది. ఎన్ని కోట్ల శాంపిళ్లు తీసినా ఆ రెండున్నర పోదు. శాంపిళ్లు పెంచితే ఊగిసలాట తగ్గుతుంది గానీ వంకర తగ్గదు. తక్కెడకే వంకర ఉంటే వందసార్లు తూచి ఏం లాభం?

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన కథ కార్ల్ జాన్‌స్కీది. అమెరికాలో, న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో, బెల్ లేబొరేటరీస్ తరఫున 1931-32లో ఆయన చేసిన పని అచ్చంగా ఇదే, రేడియో నాయిస్ కొలవడం. సముద్రం దాటి రేడియోలో ఫోన్ మాట్లాడేటప్పుడు అడ్డొచ్చే గరగర ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోమన్నారు. 20.5 మెగాహెర్ట్జ్ మీద, ఇరవై నిమిషాలకి ఒక చుట్టు తిరిగే యాంటెనా పెట్టుకున్నాడు. దగ్గరి ఉరుములు, దూరపు ఉరుములు కాక మూడోది ఒకటి, సన్నటి హిస్స్, రోజూ ఒక దిక్కు నుంచి వచ్చి ఆకాశమంతా చుట్టి వెళ్లేది. మొదట్లో అది సూర్యుడి దగ్గరి నుంచే అనిపించింది, దిక్కులు అలాగే కలిశాయి. ఒక వారం కొలిచి రిపోర్టు రాసేసి ఉంటే అదే రాసేవాడు. ఆయన నెలల తరబడి కొలుస్తూ పోయాడు. అది రోజుకి నాలుగు నిమిషాలు ముందుకి జరుగుతోంది. వారానికి అరగంట కూడా కాదు, అంత వెడల్పాటి యాంటెనా చూపులో అది కనపడనే కనపడదు. నెలకి రెండు గంటలు అయ్యేసరికి దాచడానికి వీల్లేకుండా పోయింది. 24 గంటలకి కాకుండా 23 గంటల 56 నిమిషాలకి తిరిగొచ్చేది సూర్యుడు కాదు, నక్షత్రాలు. పాలపుంత మధ్య భాగం, మన ధనూరాశి వైపు నుంచి వస్తున్న రేడియో తరంగాలవి. 1933లో ప్రకటించాడు. రేడియో ఖగోళశాస్త్రం అక్కడ పుట్టింది. మీటరు అదే, నాయిస్ అదే. తేడా అంతా ఎన్నాళ్లు కొలిచాడన్న దాంట్లోనే.

ఆ హోమ్‌డెల్‌లోనే 1964లో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు 4080 మెగాహెర్ట్జ్ మీద ఎటు తిప్పినా పోని నాయిస్‌తో తలపట్టుకున్నారు. యాంటెనాలో పావురాలు గూడు పెట్టి రెట్టలు వేస్తే అదీ కడిగారు, పోలేదు. చివరికి రాసిందేమిటంటే 3.5 డిగ్రీల కెల్విన్ (నాయిస్‌ని ఉష్ణోగ్రతగా చెప్పే లెక్క ఇది), ఒక డిగ్రీ అటూ ఇటూ. 1964 జులై నుంచి 1965 ఏప్రిల్ దాకా చూశాం, కాలంతో పాటు మారడం లేదు అని కూడా రాశారు. అది విశ్వం పుట్టుక నాటి వేడి మిగులని తర్వాత తేలింది, ఇప్పుడు మనకి తెలిసిన విలువ 2.725. చూశారా, వాళ్ల 3.5 అన్న అంకె ఒక్కటే పట్టుకుంటే తప్పు. "ఒక డిగ్రీ అటూ ఇటూ" అన్న తోక ఉండబట్టి అది ఒప్పు, నోబెల్ కూడా వచ్చింది. ఆ తోక మీరు వార్తలో కత్తిరించేస్తారు. స్థలాభావం అంటారు, నాకు తెలుసు.

తోక అంటే ఏమిటో కూడా ఒక ముక్క చెప్పాలి, చాలామంది తికమక పడతారు. 95 శాతం నమ్మకం అంటే ఈ అంకె 95 శాతం కరెక్టు అని కాదు. ఇదే పద్ధతిలో వందసార్లు వల విసిరితే, 95 సార్లు అసలు విలువ వలలో పడుతుంది, అయిదుసార్లు బయటే ఉంటుంది. ఈసారి విసిరింది ఏ రకమో మనకి తెలియదు. వల వెడల్పు చెప్పకుండా చేప పడిందంటే ఏం నమ్ముతాం?

మన దేశానికి ఈ పని కొత్త కూడా కాదు. 1950ల చివర్లో అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం పేరుతో ప్రపంచమంతా కలిసి పని చేసినప్పుడు, ఉరుముల వల్ల వచ్చే నాయిస్‌ని కొలవడానికి ఒకే రకం రికార్డర్లు 16 స్టేషన్లలో పెట్టారు, అందులో న్యూఢిల్లీ ఒకటి. ఒక్కో రికార్డర్ ఎనిమిది ఫ్రీక్వెన్సీలని రెండు రెండుగా, ఒక్కో జతని పదిహేను నిమిషాల చొప్పున చూసేది. అంటే ప్రతి ఫ్రీక్వెన్సీకీ ప్రతి గంటలోనూ పదిహేను నిమిషాల శాంపిల్, దాన్ని ఆ గంటకి ప్రతినిధిగా తీసుకున్నారు. రాత్రీ పగలూ, ఏళ్ల తరబడి. ఆ లెక్కల పునాది మీదే ప్రపంచ నాయిస్ మ్యాపులు తయారయ్యాయి, వాటిలో రోజుని నాలుగేసి గంటల ముక్కలు ఆరు చేసి, ఏడాదిని నాలుగు రుతువులు చేసి, ఇరవై నాలుగు గళ్లకి వేరువేరుగా విలువలు ఇచ్చారు. అరవై డెబ్బై ఏళ్ల కిందట, వాల్వు సెట్ల కాలంలో, గంటకి పదిహేను నిమిషాలు చూస్తేనే గానీ ఒప్పుకోలేదు. ఇప్పుడు మనకి ఊరికి పది నిమిషాలు.

తిరుపతి దగ్గర గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఎంఎస్‌టీ రాడార్ (పై గాలుల కదలిక చూసేది) ఉంది కదా, అలాంటి వాతావరణ రాడార్లలో కూడా సిగ్నల్ చూసే ముందు నాయిస్ ఎంతో తేల్చాలి. దానికి వాడే హిల్డెబ్రాండ్-సెఖాన్ పద్ధతి 1974 నాటిది, అందులో కిటుకు కూడా ఈ ఊగిసలాటే. ఇన్ని స్పెక్ట్రాలు (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత పవర్ ఉందో చూపే గీతలు) సగటు కడితే అసలైన నాయిస్ ఇంతే ఊగాలి, అంతకంటే ఎక్కువ ఊగితే అందులో ఇంకేదో కలిసిందన్నమాట. నాయిస్ ఎంత ఉందన్నదే కాదు, ఎంత ఊగుతోందన్నది కూడా కబురే.

ఇక ఎల్‌ఈడీ బల్బుల సంగతి, ఎందుకంటే మీ వార్త చివర్లో "మార్కెట్‌లో దొరికే బల్బులు కూడా పరీక్షించినవే" అని ఒక ధీమా వాక్యం ఉంది. చౌక బల్బు లోపల ఉండే చిన్న స్విచింగ్ సర్క్యూట్ కూడా నాయిస్ పుట్టిస్తుంది, ఖర్చు మిగుల్చుకోవడానికి ఫిల్టర్ భాగాలు పెట్టకుండా వదిలేసిన బల్బు అయితే మరీ. ఫ్యాక్టరీ లక్షల బల్బులు చేస్తుంది, అన్నిటినీ పరీక్షించలేం. దీనికి 1934 నుంచి పనిచేస్తున్న సిస్పర్ అనే అంతర్జాతీయ కమిటీ ఒక సూత్రం పెట్టింది, దాన్ని 80/80 అంటారు. తయారైన వాటిలో కనీసం 80 శాతం పరిమితి లోపల ఉన్నాయని 80 శాతం నమ్మకంతో చెప్పగలగాలి. చెప్పే పద్ధతి కూడా ఇచ్చారు. కొన్ని బల్బులు కొలిచి, సగటు తీసి, ఆ రీడింగుల మధ్య ఎంత తేడా ఉందో (స్టాండర్డ్ డీవియేషన్) చూసి, దాన్ని ఒక గుణకంతో గుణించి సగటుకి కలపాలి. వచ్చింది పరిమితి దాటకూడదు. మూడే బల్బులైతే గుణకం 2.04, అయిదైతే 1.52, పన్నెండైతే 1.20. తక్కువ కొలిస్తే ఎక్కువ జరిమానా అన్నమాట.

మాటవరసకి చూడండి. అర మెగాహెర్ట్జ్ నుంచి అయిదు మెగాహెర్ట్జ్ దాకా, కరెంటు వైరు మీదికి బల్బు వదిలే నాయిస్‌కి పరిమితి 56 డెసిబెల్ మైక్రోవోల్ట్. మూడు బల్బులు కొలిస్తే 50, 52, 54 వచ్చాయనుకోండి. మూడూ లోపలే. మీ విలేకరి అయితే "మూడూ పాస్" అని రాసేస్తాడు. సూత్రం ప్రకారం సగటు 52, స్టాండర్డ్ డీవియేషన్ 2, దాన్ని 2.04తో గుణిస్తే 4.08, మొత్తం 56.08. ఫెయిల్! మూడూ పాసైనా బ్యాచ్ ఫెయిల్, ఎందుకంటే ఇంత తేడాతో ఊగుతున్నవి మూడే చూసి మిగతా లక్షల గురించి అంత మాట అనలేం. ఇంకో రెండు కొలిచారు, 51, 53 వచ్చాయి. సగటు అదే 52, డీవియేషన్ 1.58కి దిగింది, గుణకం 1.52కి దిగింది, మొత్తం 54.4. ఇప్పుడు పాస్. బల్బులు మారలేదు, ఫ్యాక్టరీ మారలేదు, మనకి తెలిసింది పెరిగింది. ఈ లెక్క మొదటిసారి చేసినప్పుడు రాత్రి పన్నెండింటికి మా ఆవిణ్ణి లేపి చూపించాను, ఆవిడ ఏమన్నదో ఇక్కడ రాయను.

కొందరు, అసలు ఊరూరా కొలవడం ఎందుకు, అంతర్జాతీయ ఫార్ములా ఉంది కదా అంటారు. ఉంది. నగరం, నివాస ప్రాంతం, పల్లె, ప్రశాంతమైన పల్లె అని నాలుగు రకాలకి నాలుగు గీతలు. నివాస ప్రాంతంలో 10 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 45 డెసిబెల్స్ (ఇది సహజంగా ఉండే ఉష్ణ నాయిస్ మీద ఎన్ని డెసిబెల్స్ ఎక్కువన్న లెక్క). కానీ ఆ గీతల వెనక ఉన్నది ప్రధానంగా అమెరికాలో కొలిచి 1974లో ప్రచురించిన లెక్కలు. అప్పటికి ఎల్‌ఈడీ బల్బూ లేదు, ఫోన్ చార్జరూ లేదు, మా చెరువు గట్టు మీద మోటార్లూ లేవు. అన్నిటికంటే ముఖ్యం, ఆ గీత మధ్యస్థం (రీడింగులని చిన్నది నుంచి పెద్దది దాకా వరసగా పేర్చితే నడిమిది) మాత్రమే. ఆ ఫార్ములా ఉన్న డాక్యుమెంట్‌లోనే నివాస ప్రాంతాలకి, చెడ్డ పదో వంతు సమయంలో మధ్యస్థం కంటే పది డెసిబెల్స్ పైనే ఎక్కువ ఉండొచ్చని పట్టిక కూడా ఇచ్చారు. గీత అందరూ చదువుతారు, పట్టిక ఎవరూ చదవరు.

మధ్యస్థం ఒక్కటే కావాలనుకున్నా దానికీ ఒక చిన్న లెక్క ఉంది, ఇది నాకు భలే ఇష్టం. ఆరు వేరువేరు రోజుల్లో, చీటీలు తీసి ఎంచుకున్న వేళల్లో ఆరుసార్లు కొలవండి. అసలు మధ్యస్థం ఆ ఆరింటిలో చిన్నదానికీ పెద్దదానికీ మధ్య ఉంటుందని 97 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. ఎలాగంటే, ప్రతి కొలతా మధ్యస్థానికి పైన పడడానికీ కింద పడడానికీ బొమ్మా బొరుసూ అంత సమాన అవకాశం. ఆరూ ఒకే పక్క పడాలంటే ఆరుసార్లూ బొమ్మే పడాలి, లేదా ఆరుసార్లూ బొరుసే పడాలి, అది 64లో 2. ఇందులో ఖరీదైన మీటరు లేదు, కంప్యూటర్ లేదు. ఆరు రోజులు ఓపిక ఉంది. ఒక్కసారి కొలిస్తే మాత్రం చిన్నదీ పెద్దదీ ఒకటే, మధ్యలో ఏమీ లేదు, నమ్మకం సున్నా.

సిబ్బంది 29 సార్లు మా ఇంటికి రావాలని నేను అడగడం లేదండీ, అన్నిసార్లు టీ పెట్టడం మా ఆవిడ వల్ల కాదు. ఒక చిన్న రికార్డర్ పెట్టి రెండు వారాలు వదిలేస్తే అదే కొలుస్తుంది, పది నిమిషాలకి ఒక రీడింగ్ రాసుకుంటుంది, ఆ రోజు వాన పడిందో లేదో పక్కన రాస్తే చాలు. నా డాంగిల్ అయితే అదే చేస్తోంది, కాకపోతే నాది సరిచూసిన మీటరు కాదు కాబట్టి నా అంకెల్ని ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. ఏ వేళకి ఎక్కువ, ఏ వేళకి తక్కువ అన్నంత వరకూ ఒప్పుకుంటే చాలు, ఆ వేళకి వాళ్ల మీటరు తెస్తారు.

మిమ్మల్ని అడిగేది ఇంకా చిన్నది. ఈసారి ఇలాంటి అంకె ఎవరైనా ఇస్తే, మీ విలేకరిని ఎన్నిసార్లు కొలిచారో, ఏ రోజుల్లో ఏ వేళల్లో కొలిచారో, అన్నిటికంటే తక్కువ ఎంత వచ్చింది, ఎక్కువ ఎంత వచ్చిందో అడగమనండి. "ఒక్కసారే" అన్నది జవాబైతే ఆ మాటే వేయండి. "ఒక్కసారి కొలిచారు, 38 వచ్చింది" అని. అందులో అబద్ధం లేదు, "పరిమితిలోనే" అన్న శీర్షికలోనే ఉంది.

ఇది రాస్తున్నది రాత్రి రెండు దాటాక. నాలుగు రోజులుగా చుక్క వాన లేదు, గట్టు మీద మోటార్లు తిరుగుతున్నాయి, 837 పక్కన ఖాళీగా ఉన్న చోట బుర్ర్ర్ మొదలై ముప్పావు గంట అయింది. మీ విలేకరి రావాలనుకుంటే ఈ వేళప్పుడే రమ్మనండి, మేలుకునే ఉంటాను. ఫొటోగ్రాఫర్‌ని కూడా తెచ్చుకుంటే మా వీధి చివర మూడో స్తంభం ఫొటో తీసుకోవచ్చు. లారీ హారన్ వద్దు.

ఇట్లు
మీ పాత పాఠకుడు,
భీమవరం దగ్గరి నుంచి